వెయ్యో ఎపిసోడ్ నాటికి తేలే బాకీలు

(బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో ఓ ఆదివారం సాయంత్రం ఒక టీవీ రచయిత మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసుకున్నవి. మాట ఆగినచోట ఆగినట్టే ఉంచాం.)

వెనక వాళ్ళకి వినబడుతోందా? ఆ రాతి మీద కూర్చున్న కుర్రాళ్ళకి? వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను, మైకుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సమోసాలు తింటూనే వినండి, చల్లారిపోతే నన్ను తిట్టుకుంటారు.

నన్ను పిలిచినవాళ్ళు ఫోన్లో ఇచ్చిన టాపిక్ ఏంటంటే, ఏళ్ళ తరబడి నడిచే టీవీ షోలు తమ మైలురాళ్ళని ఎలా పండగ చేసుకుంటాయి, చూసేవాళ్ళు ఆ రోజు నుంచి ఏం ఆశిస్తారు అని. నేను పద్ధెనిమిదేళ్ళుగా డైలీ సీరియళ్ళకి రాస్తున్నాను. ఒక్కోసారి స్క్రీన్‌ప్లే, ఒక్కోసారి డైలాగులు, ఒక్కోసారి రెండూ, ఒక్కోసారి పేరు కూడా పడదు. ఈ పద్ధెనిమిదేళ్ళలో నేను పనిచేస్తుండగా మూడు సీరియళ్ళు వెయ్యి దాటాయి. అందుకని కేకుతో మొదలుపెడతాను.

వెయ్యో ఎపిసోడ్ కేకు మీరు టీవీలో చూసే ఉంటారు. నాలుగంతస్తులు, పైన సీరియల్ లోగో, హీరోయిన్ ఫొటో. అందులో కింది మూడంతస్తులూ థర్మాకోలే, పైన క్రీము పూస్తారు. తినే కేకు పై అంతస్తు ఒక్కటే, అదీ కిలోన్నర. మొదటిసారి నాకా సంగతి తెలీదు, మా హీరోయిన్‌కీ తెలీదు. ఆ అమ్మాయి పద్ధతిగా కిందనుంచి కోద్దామనుకుని రెండో అంతస్తులో కత్తి దించింది. కర్‌ర్‌ర్‌మని ఒక చప్పుడు. థర్మాకోల్ కోస్తే వచ్చే చప్పుడు తెలుసుగా, పళ్ళు జివ్వుమంటాయి. ఫ్లోర్ మీద వంద మంది ఉన్నారు, ఒక్కరూ నవ్వలేదు, ఎందుకంటే ఛానెల్ పెద్దాయన పక్కనే నిలబడున్నాడు. సౌండ్ చూసే అబ్బాయి మాత్రం హెడ్‌ఫోన్ తీసి చెవి రుద్దుకున్నాడు. డైరెక్టరు "వన్ మోర్" అన్నాడు. రెండో టేకులో పై అంతస్తు కోసింది, చప్పట్లు, రంగు కాగితాలు, అత్తగారి పాత్ర వేసే ఆవిడ కళ్ళొత్తుకోవడం. టీవీలో వచ్చింది ఆ రెండో టేకే. (నవ్వులు)

అది టెలికాస్ట్ అయిన రాత్రి దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. మెచ్చుకుంటుందనుకుని ఎత్తాను. ఆమె ఒకే ముక్క అడిగింది. "గంత పెద్ద కేకు కోసిన్రు గని, ఆ పోరణ్ణి హాస్టల్ల ఏసి మరిచిపోయిన్రా మీరంతా?"

ఏ పోరడు? నాకు ఒక నిమిషం వెలగలేదు. తర్వాత గుర్తొచ్చింది. నూట నలభయ్యో ఎపిసోడ్ దగ్గర హీరోయిన్ మరిది కొడుకు పాత్రలో ఏడేళ్ళ బాబు ఉండేవాడు. పరీక్షలని వాళ్ళ నాన్న షూటింగ్ మాన్పించేశాడు. అప్పుడు మేం "వాణ్ణి హాస్టల్లో చేర్పించాం వదినా" అని ఒక డైలాగు రాసి చేతులు దులుపుకున్నాం. ఆ తర్వాత ఎనిమిది వందల అరవై ఎపిసోడ్లలో ఆ ఇంట్లో మూడు పెళ్ళిళ్ళు, రెండు సీమంతాలు, ఒక కిడ్నాపు, లెక్కలేనన్ని వ్రతాలు జరిగాయి. ఒక్క దసరాకి కూడా ఆ పిల్లాడు ఇంటికి రాలేదు, వాడి తల్లి కూడా వాణ్ణి తలుచుకోలేదు. మేం తలుచుకోనివ్వలేదు కదా మరి.

చిన్నమ్మకి ఆ రోజు ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. ఆ పిల్లాడి సంగతికి మళ్ళీ వస్తాను.

ఇక్కడ బేగంబజార్ వైపు వాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే మీకు తెలుస్తుంది, దీపావళికి సేట్లు పాత ఖాతా పుస్తకాలు ముందేసుకుని, ఎవరి బాకీ ఎంత అని చూసుకుని, పసుపు కుంకుమ పెట్టి కొత్త పుస్తకం తెరుస్తారు. నా దృష్టిలో వెయ్యో ఎపిసోడు, పదో వార్షికోత్సవం, పాతికేళ్ళ పండగ, ఇవన్నీ ఆ దీపావళి లాంటివే. చూసేవాళ్ళు ఆ రోజు టీవీ ముందు కూర్చునేది పాత పద్దు పట్టుకుని. మాకు మీరింత బాకీ, ఇవాళ ఎంత కడతారు అని. మావాళ్ళేమో ఆ రోజుని సన్మానసభ అనుకుంటారు. తొంభై శాతం గొడవలు ఇక్కడే వస్తాయి. తొంభై అని ఊరికే అన్నాను, లెక్కలు అడక్కండి.

బాకీ ఎలా పెరుగుతుందో తెలియాలంటే ముందు ఆ కాలం లెక్క తెలియాలి. మన హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. రామంతాపూర్ వైపు వెళ్తే ఇప్పటికీ ఆ టవర్ కనబడుతుంది. దూరదర్శన్ రోజుల్లో సీరియల్ అంటే వారానికొకటి, పదమూడు ఎపిసోడ్లకి పర్మిషన్. పదమూడు వారాల్లో చూసినవాళ్ళతో ఏం బాకీ పడతాం? కథ చెప్పాం, అయిపోయింది, నమస్కారం. 1995లో శాటిలైట్ ఛానెళ్ళు వచ్చాయి, తర్వాత డైలీ వచ్చింది, అప్పట్నుంచి లెక్క మారిపోయింది. వారానికి ఐదు రోజులైతే ఏడాదికి 260 ఎపిసోడ్లు, ఆరు రోజులైతే 312. అంటే వెయ్యి కొట్టడానికి మూడేళ్ళ నుంచి నాలుగేళ్ళు.

ఈటీవీలో 'అభిషేకం' 2008 డిసెంబర్‌లో మొదలై 2022 ఫిబ్రవరిలో ముగిసింది, 4000 ఎపిసోడ్లు. ఆ అంకెని కాసేపు అలా చూడండి. అది మొదలైన ఏడాది ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, అది ముగిసేసరికి డిగ్రీ చదువుతూ ఉంటుంది. మొదటి ఎపిసోడ్ వచ్చినప్పుడు మనది ఒకే రాష్ట్రం, ఆఖరి ఎపిసోడ్ నాటికి రెండు రాష్ట్రాలై ఏడేళ్ళు దాటింది. మధ్యలో కరోనా వచ్చి వెళ్ళింది. చాలా ఇళ్ళలో ఆ సీరియల్ చూడ్డం మొదలుపెట్టిన మనిషి ఒకరు, ముగింపు చూసిన మనిషి ఇంకొకరు అయుంటారు, ఎందుకంటే మొదలుపెట్టిన అమ్మమ్మ అప్పటికి లేదు. అంత కాలం ఒక షోని ఇంట్లోకి రానిచ్చిన మనిషి, మైలురాయి నాడు ఏదైనా అడిగితే, అది అత్యాశ ఎలా అవుతుంది?

ఇప్పుడు మన దగ్గర్నుంచి కాస్త దూరం వెళ్దాం, ఎందుకంటే ఈ బాకీ తీర్చడంలో నాకు తెలిసినంతలో అందరికన్నా పెద్ద పద్దు బీబీసీ వాళ్ళ 'డాక్టర్ హూ'ది. ఇక్కడ చూసినవాళ్ళు ఎంతమంది? ఆరుగురు. అయితే ఒక్క ముక్కలో చెప్తాను. కాలంలో అటూ ఇటూ తిరిగే ఒక గ్రహాంతరవాసి, పేరు డాక్టర్. చావు దగ్గరికొస్తే ఒళ్ళంతా వెలుగొచ్చి కొత్త మొహంతో మళ్ళీ లేస్తాడు. మొదటి డాక్టర్ వేసిన విలియమ్ హార్ట్‌నెల్ 1966లో ఆరోగ్యం బాగోక తప్పుకోవాల్సి వస్తే, ఈ ఉపాయం కనిపెట్టారు. మనం అదే పని కింద స్క్రోలింగ్‌లో "ఇకపై ఈ పాత్రలో..." అని వేసి సరిపెడతాం. (నవ్వులు) నవ్వకండి, నేనే నాలుగుసార్లు రాశాను ఆ స్క్రోలింగ్. వాళ్ళు దాన్ని కథలో కలిపేశారు, దాంతో షోకి ముసలితనం లేకుండా పోయింది.

ఆ షో మొదలైంది 1963 నవంబర్ 23న. ముందురోజే అమెరికాలో కెనెడీని కాల్చి చంపారు, లోకమంతా ఆ వార్తలోనే ఉంది, అందుకని మరుసటి వారం రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిది మళ్ళీ వేశారు. ఇరవయ్యేళ్ళకి, 1983లో, ఐదుగురు డాక్టర్లనీ కలిపి ఒక స్పెషల్ తీద్దామనుకున్నారు. హార్ట్‌నెల్ అప్పటికే చనిపోయాడు, ఆ పాత్రకి వేరే నటుణ్ణి పెట్టారు. టామ్ బేకర్ అని, జనం అందరికన్నా ఎక్కువ ఇష్టపడ్డ డాక్టర్ ఒకాయన, నేను రానన్నాడు. షో వదిలి అప్పటికి రెండేళ్ళే అయింది, మళ్ళీ వెంటనే ఆ కోటు తొడుక్కోవడం ఇష్టంలేదు. అప్పుడు వాళ్ళేం చేశారంటే, మధ్యలో ఆగిపోయిన ఒక పాత ఎపిసోడ్‌లోంచి ఆయన ముక్కలు తీసి అతికించారు, ఫొటోల కోసం మ్యూజియం నుంచి ఆయన మైనపు బొమ్మని తెచ్చి పక్కన నిలబెట్టారు. మైనపు బొమ్మండీ! పెళ్ళికి రాని మేనమామ ఫొటో తెచ్చి గ్రూప్ ఫొటోలో పెట్టినట్టు.

ఆ బాకీ ముప్ఫై ఏళ్ళు అలాగే ఉండిపోయింది. 2013 నవంబర్ 23, యాభయ్యేళ్ళ స్పెషల్. 94 దేశాల్లో ఒకేసారి వేశారు, గిన్నిస్ రికార్డు కూడా ఇచ్చారు, థియేటర్లలో త్రీడీలో కూడా వేశారు. యుద్ధాలు, గ్రాఫిక్సు, ముగ్గురు డాక్టర్లు, అన్నీ ఉన్నాయి. అంతా అయిపోయాక, చివర్లో హీరో ఒక మ్యూజియంలో ఒంటరిగా బెంచీ మీద కూర్చుని ఉంటాడు, వెనక నుంచి ఒక బొంగురు గొంతు వినిపిస్తుంది. మనిషి కనబడడు, గొంతే. ఆ గొంతు విన్నప్పుడు ఇంగ్లండులో యాభయ్యేళ్ళ మగవాళ్ళు కూడా ఏడ్చారంటే నేను నమ్ముతాను. అది టామ్ బేకర్. డెబ్బై తొమ్మిదేళ్ళు, తెల్లజుట్టు, చేతికర్ర. కొద్ది నిమిషాల సీను. ఆయన వస్తున్నట్టు షో వాళ్ళు ప్రోమోలో ఎక్కడా చూపించలేదు. మన దగ్గరైతే ఎలా ఉండేదో ఆలోచించండి. పది రోజుల ముందు నుంచీ ప్రోమోలో ఆయన వీపు, మర్నాడు చెయ్యి, ఆ మర్నాడు కళ్ళజోడు, "ఎవరొస్తున్నారో తెలుసా?" అని ఎర్ర అక్షరాలు. అసలు రోజు వచ్చేసరికి ఆశ్చర్యపడ్డానికి ఏం మిగలదు.

ఇంకో చిన్న బాకీ కూడా అప్పుడే తీర్చారు, నాకు ఇదింకా ఇష్టం. పాల్ మెక్‌గాన్ అని ఒక నటుడు 1996లో ఒకే ఒక్క టీవీ సినిమాలో డాక్టర్‌గా వేశాడు, అది ముందుకి సాగలేదు. ఆయన డాక్టర్ తర్వాతి వాడిగా ఎలా మారాడో ఎవరికీ చూపించలేదు. పదిహేడేళ్ళు అభిమానులు ఆ ఖాళీని మనసులో పెట్టుకున్నారు. 2013లో ఆ పండగకి తొమ్మిది రోజుల ముందు, చెప్పాపెట్టకుండా నెట్‌లో ఒక పొట్టి ఎపిసోడ్ పెట్టారు, ఏడెనిమిది నిమిషాలుంటుంది. ఆయన వస్తాడు, చనిపోతాడు, మారతాడు. లెక్క సరి. పెద్ద ఖర్చేం కాదది. కాకపోతే ఆ పద్దు గుర్తున్న మనిషి ఆఫీసులో ఒకడు ఉండాలి.

అక్కడ ఇంకో సంప్రదాయం ఉంది, మైలురాయి నాడు లైవ్ చేయడం. 'ఈస్ట్‌ఎండర్స్' అనే సీరియల్ 1985లో మొదలైంది, పాతికేళ్ళకి 2010లో ఒక ఎపిసోడ్ మొత్తం లైవ్‌గా ఆడారు, ఒక హత్య ఎవరు చేశారో ఆ రోజే చెప్పారు, నటీనటులకి కూడా చాలాకాలం చెప్పకుండా దాచి. ముప్ఫయ్యేళ్ళకి మళ్ళీ లైవ్. అందులో ఒక నటి కంగారులో పాత్ర పేరు ఇయాన్‌కి బదులు నటుడి అసలు పేరు "ఆడమ్ ఎలా ఉన్నాడు?" అనేసింది. టెన్షన్ చూడండి పాపం. జనం మాత్రం హంతకుడి సంగతి మరిచిపోయి ఈ "ఆడమ్"ని పట్టుకున్నారు. మన దేశంలో 'సీఐడీ' వాళ్ళు కూడా ఇలాంటి సాహసమే చేశారు, 2004 నవంబర్‌లో 111 నిమిషాల ఎపిసోడ్‌ని ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్‌లో తీశారు. రీటేకుల మీద బతికే మా తెలుగు డైలీల్లో అది చేద్దామని నేనొకసారి మీటింగులో అన్నాను. ప్రొడ్యూసర్ గారు నా వంక చూసి టీ చెప్పారు, అంతే.

(శ్రోతల్లోంచి ఒకరు: మన దగ్గర కూడా స్పెషల్ ఎపిసోడ్లు చేస్తారు కదా సార్, మహాసంగమం అవీ?)

చేస్తారమ్మా. అక్కడికే వస్తున్నా. మన దగ్గర మైలురాయి అనగానే రెండే ఆలోచనలు. ఒకటి, రెండు సీరియళ్ళ కుటుంబాల్ని ఒకే ఇంట్లోకి తెచ్చి ఒక పెళ్ళి జరిపించడం, దాన్నే మహాసంగమం అంటాం. రెండోది స్టేజి ఫంక్షన్. స్టేజి మీద హీరోహీరోయిన్ల డాన్స్, ఇద్దరు కమెడియన్లు, ఆ వారం రిలీజయ్యే సినిమా టీమ్ వచ్చి టీజర్ వేసుకోవడం, మధ్యలో ఐదు నిమిషాల ఏవీ, అంటే పాత సీన్ల ముక్కలు అతికించిన వీడియో, అందులో బ్యాక్‌గ్రౌండ్‌లో వయొలిన్. ఆ ఏవీ ఎడిట్ చేసే కుర్రాడు చాలాసార్లు సీరియల్ ఎప్పుడూ చూడనివాడు, ఏది చేతికి దొరికితే అది వేస్తాడు. ముందు వరుసల్లో కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్ళు కోఆర్డినేటర్ బస్సులో కృష్ణానగర్ నుంచి తెచ్చినవాళ్ళు, పొద్దున ఇంకో షోకి కొట్టొచ్చారు, రాత్రికి ఇంకోదానికి కొడతారు. వాళ్ళ తప్పేం లేదు, అది వాళ్ళ పని. కానీ వెయ్యి ఎపిసోడ్లు చూసిన మనిషి ఒక్కరు కూడా ఆ హాల్లో ఉండరు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

ఎందుకిలా అంటే, గురువారం. టీవీవాళ్ళకి గురువారం అంటే రేటింగులొచ్చే రోజు. బార్క్ వాళ్ళ అంకెలు వస్తాయి, మధ్యాహ్నం అన్నం సహిస్తుందో లేదో వాటి మీదే. ఆ అంకెలో నిన్న కొత్తగా చూసినవాడికీ పదేళ్ళ నుంచి చూస్తున్నవాడికీ తేడా ఉండదు, ఇద్దరూ ఒకటే. పదేళ్ళవాడు ఎలాగూ ఉంటాడు, కొత్తవాణ్ణి లాగాలి, అందుకని స్పెషల్ ఎపిసోడ్ పక్కింటివాడి కోసం చేస్తారు. ఇంట్లోవాడు చూస్తూ ఉంటాడు. ఆ స్పెషల్‌తో ఛానెల్‌కి యాడ్లొస్తాయి, మాకు జీతాలొస్తాయి, అదీ నిజమే, నేను కాదనను.

అయినా చూసేవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. 'కార్తీకదీపం' గుర్తు చేసుకోండి. 2017 అక్టోబర్‌లో స్టార్ మాలో మొదలైంది. వంటలక్క, పిల్లలు తనవాళ్ళు కాదని ఆమెని అనుమానించి దూరం పెట్టిన భర్త డాక్టర్ బాబు. ఊరంతా ఒకటే గోల, అయ్యా, ఒక్క డీఎన్ఏ టెస్టు చేయించుకో, పీడా పోతుంది అని. ఆయన డాక్టరు కూడాను! టెస్టు మాట ఎత్తితే కథ అయిపోతుంది కాబట్టి ఎత్తరు. అది ఒక బాకీ. 2022లో ఇద్దరినీ కారు ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేసి, లీప్ తీసుకున్నారు, అంటే కథని కొన్నేళ్ళు ముందుకి దూకించారు. రేటింగులు జారాయి. అదే ఏడాదిలో ఇద్దరినీ బతికించి తీసుకొచ్చారు. 2023 జనవరిలో ముగించి, 2024 మార్చిలో అదే జంటతో ఇంకో కథ మొదలుపెట్టారు. నన్నడిగితే ఇక్కడ తెలుగు ప్రేక్షకులు ఛానెల్‌కి స్పష్టంగా చెప్పారు, మాకు కథ కన్నా ఆ ఇద్దరు మనుషులు ముఖ్యం అని. మేం రచయితలం కాస్త నొచ్చుకున్నాంగానీ, నిజం నిజమే.

హిందీలో 'తారక్ మెహతా' 2008 జూలై నుంచి నడుస్తోంది. అందులో దయాబెన్‌గా వేసే దిశా వకానీ 2017లో ప్రసూతి సెలవు తీసుకుంది, మళ్ళీ రాలేదు. పాత్రని చంపలేదు, పుట్టింటికి వెళ్ళిందని చెప్పి అలాగే ఉంచారు. మా పిల్లాడి హాస్టల్ లాగే! ప్రతి వార్షికోత్సవానికీ జనం అడిగేది ఒక్కటే, దయ ఎప్పుడొస్తుంది. 2023 చివర్లో వస్తోందన్నట్టు ఊరించి తీసుకురాకపోయేసరికి షోని బాయ్‌కాట్ చేయండని ట్రెండ్ చేశారు. నాకు వాళ్ళ కోపం న్యాయంగానే అనిపించింది. ఇవ్వలేనప్పుడు ఇవ్వలేనని చెప్పొచ్చు. రేపు రా, రేపు రా అని తిప్పుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

'జబర్దస్త్' 2013 ఫిబ్రవరిలో మొదలైంది కదా, దాని యానివర్సరీ ప్రోమో ఎప్పుడొచ్చినా కింద కామెంట్లు చూడండి. కొత్త స్కిట్ల గురించి ఒక్కరు అడగరు. నాగబాబు గారూ రోజా గారూ పక్కపక్కన కూర్చుంటారా, అనసూయ వస్తుందా, సుధీర్, శ్రీను, రాంప్రసాద్ ముగ్గురూ ఒక స్కిట్ చేస్తారా. అంతే. మనుషుల్ని అడుగుతారు. ఎవరు ఎందుకు వెళ్ళిపోయారో, డబ్బుల సంగతులేంటో, ఎవరికి ఎవరితో పడలేదో, అవన్నీ జనానికి లీలగా తెలుసు, అయినా ఒక్క రోజుకి కలవరా అని అడుగుతారు. పండక్కి అన్నదమ్ములు రావాలని ముసలితల్లి కోరుకున్నట్టు.

తీర్చలేని బాకీ కూడా ఒకటుంటుంది. 'పాడుతా తీయగా' 1996లో మొదలైంది. అంటే పాతికేళ్ళు నిండేది 2021లో. బాలు గారు 2020 సెప్టెంబర్ 25న వెళ్ళిపోయారు. ఆ షోలో మనం చూసింది పిల్లల పాటల్ని మాత్రమేనా? పిల్ల పాట అయిపోయాక ఆయన ఆ పల్లవిలో ఒక అక్షరం పట్టుకుని, ఒత్తు ఎక్కడ పడాలో చెప్పి, ఆ పాట రికార్డింగ్ రోజు ఏం జరిగిందో ఒక కథ చెప్పి, ఆ పిల్ల భుజం తట్టేవారు కదా, సగం మంది దానికోసమే కూర్చునేవాళ్ళం. చరణ్ గారు ఆ కుర్చీలోకి వచ్చారు. ఆయన చేసిన తెలివైన పని, నాకు అనిపించినంతవరకూ, నాన్నగారిలా మాట్లాడే ప్రయత్నం చేయకపోవడం. చూసేవాళ్ళు కూడా ఆ బాకీ అడగడం మానేశారు. అడగరు, వాళ్ళకి తెలుసు. పాత ఎపిసోడ్ల ముక్కలు ఫోన్లో చూసుకుంటారు రాత్రిళ్ళు. నేనూ చూస్తాను.

ఇంతసేపూ అభిమానుల వైపు మాట్లాడాను కాబట్టి వాళ్ళనీ ఒక మాట అనాలి. మీరు అడిగేది ఒక్కోసారి కుదరదు. పాతదే కావాలంటారు, పాతదే ఇస్తే పాడిందే పాడుతున్నారంటారు. ఎవరో ఒక అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది, మీ సీరియల్లో హీరో మొదటి యాభై ఎపిసోడ్లలో ఎలా ఉండేవాడో అలా ఉండాలి అని. అమ్మా, వాడికి ఇప్పుడు కథలో ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులు. (నవ్వులు)

(ఇంకొకరు: 'మొగలిరేకులు' రెండో భాగం వస్తే బాగుంటుందని మీకనిపించదా?)

నాకా? వద్దనే అంటాను. 2008 నుంచి 2013 దాకా వచ్చింది, ఇప్పటికీ ఆ టైటిల్ సాంగ్ వినిపిస్తే ఆటోడ్రైవర్లు కూడా సౌండ్ పెంచుతారు. ఆర్కే నాయుడు అంటే అదో పేరు. కానీ మీకు కావాల్సింది ఆర్కే నాయుడా, లేక 2010లో అన్నం తింటూ, పక్కన అమ్మ పెరుగు వడ్డిస్తూ ఉండగా చూసిన ఆర్కే నాయుడా? రెండోది ఏ ఛానెలూ తేలేదు. నాకు కూడా అదే కావాలి, అందుకే వద్దంటున్నా.

సరే, టైమ్ అయిపోతోందని అక్కడ్నుంచి సైగ చేస్తున్నారు. పిల్లాడి సంగతి చెప్పేసి దిగిపోతాను.

వెయ్యో ఎపిసోడ్ అయిన ఏడాదిన్నరకి అదే సీరియల్ పదిహేను వందలకి వచ్చింది. మళ్ళీ కేకు, మళ్ళీ థర్మాకోలు, ఈసారి హీరోయిన్‌కి ముందే చెప్పారు. స్పెషల్‌లో ఒక కోర్టు సీను, ఒక గృహప్రవేశం పెట్టారు. నేను గృహప్రవేశంలో పాలు పొంగే షాట్ తర్వాత ఒక ఫోన్ కాల్ రాశాను. ఇరవై సెకన్లు. హాస్టల్ నుంచి పిల్లాడు చేస్తాడు. ప్రొడ్యూసర్ చదివి, "హాస్టల్ సెట్ వెయ్యాలా?" అన్నారు. అక్కర్లేదు, గొంతే అన్నాను. "అయితే ఉంచండి" అన్నారు. డైరెక్టర్‌కి అసలు ఆ పిల్లాడెవరో గుర్తులేదు, మూడో డైరెక్టర్ లెండి ఆయన.

డబ్బింగ్‌కి ఎవరినో పిలవొచ్చు, మనకి పిల్లల గొంతులు చెప్పే ఆడవాళ్ళు బ్రహ్మాండమైనవాళ్ళున్నారు. కానీ నాకెందుకో అనిపించి, పాత ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర నంబరు తీసుకుని ఆ అబ్బాయి వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాను. ఒక శనివారం స్కూలవగానే యూనిఫామ్‌లోనే తీసుకొచ్చాడు కృష్ణానగర్‌లో మా డబ్బింగ్ థియేటర్‌కి. ఏడో తరగతి. బాగా పొడుగయ్యాడు, బ్యాగు భుజం మీంచి తియ్యలేదు. మైకు ఎత్తు పెంచాల్సి వచ్చింది, వాడి పాత ఎత్తుకి మా ఇంజనీర్ ముందే దించి పెట్టాడు, పాపం, ఆయనకి గుర్తుంది. మొదటి టేకులో "పెద్దమ్మా, నేనే" అన్నాడు. గొంతు అప్పుడప్పుడే మారుతోంది, "నేనే" దగ్గర కీచుమంది. ఇంజనీర్ ఇంకోటి చేద్దామన్నాడు. వద్దు, ఇదే ఉంచుదామన్నాను.

గురువారం అంకెల్లో ఆ ఇరవై సెకన్లు ఏం చేశాయో ఎవరికీ తెలీదు, కోర్టు సీన్ బాగా ఆడిందని చెప్పుకున్నారు. నేను మాత్రం ఆ రాత్రి ఎపిసోడ్ అవగానే దిల్‌సుఖ్‌నగర్‌కి నేనే ఫోన్ చేశాను. చూశావా చిన్నమ్మా, పిల్లాడు ఫోన్ చేశాడు, ఇప్పుడు ఖుషీనా అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "ఫోన్ జేసిండు, మంచిగనే ఉంది గని, తిన్నవా బిడ్డా అని ఒక్కరన్న అడిగిన్రా వాణ్ణి?"